నూటపాతికో కార్యక్రమం

మా హైస్కూలుకి నూటపాతికేళ్ళు నిండాయన్న సంగతి పైవాళ్ళకి తెలిసిపోవడంతో మా కొంప మునిగింది. అంతవరకూ ఎవరి కంటా పడకుండా, మా పాఠాలేవో మేము చెప్పుకుంటూ బతికేవాళ్ళం. ఏ మహానుభావుడు చెప్పాడో, ఎక్కడ చెప్పాడో ఇప్పటికీ తెలీదు. తెలిస్తే ఆయన ఇంటికి వెళ్ళి ఒక దండం పెట్టి వచ్చేవాణ్ణి.

వీరభూపాలపురం రాజా హైస్కూలంటే గోదావరి పాయ దిగువన అందరికీ తెలుసు. పూర్వం రాజావారు కట్టించారు. ఆయనకి చదువంటే ప్రాణమని మా హెడ్మాస్టరుగారు అంటారు. పక్క ఎస్టేటు ఆయన కట్టించాడు గనక పంతానికి కట్టించాడని ఊళ్ళోవాళ్ళు అంటారు. ఎలాగైతేనేం, గోడలు మూరెడు మందం, పైకప్పు ఆకాశమంత ఎత్తు. పాఠం చెబితే మాట పైకి పోయి, పావురాల దగ్గర కాసేపు ఆగి, తీరిగ్గా కిందికి వస్తుంది. గంట రైలుపట్టా ముక్క. వరండా గోడ నిండా శిలాఫలకాలు. గది కట్టించినవారిది ఒకటి, దానికి సున్నం వేయించినవారిది ఒకటి, మంచినీళ్ళ కుళాయి ప్రారంభించినవారిది ఒకటి. కుళాయి ఎప్పుడో పోయింది గాని ఫలకం మాత్రం భేషుగ్గా ఉంది.

నేను అక్కడ లెక్కల మేస్టారిని. పేరు కామరాజు గాని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నా పాలిట పడింది పదో తరగతి బి సెక్షను. ఎ సెక్షను వాళ్ళకి ట్యూషన్లున్నాయి, గైడ్లున్నాయి, ఇంట్లో కేకలేసే నాన్నలున్నారు. బి సెక్షను వాళ్ళకి నేనున్నాను. వాళ్ళ నాన్నలు చేపల చెరువుల కాపలాకి పోతారు, అమ్మలు రొయ్యల షెడ్డులో తలకాయలు తుంచడానికి పోతారు. పుస్తకంలో ఏముందో నేను నల్లబల్లమీద రాసి చూపిస్తేనే అది వాళ్ళకి చదువు.

ఆ సెక్షనులో గంగాభవాని అనే పిల్ల ఉండేది. మిగతా సబ్జెక్టులన్నిటిలో చాకు. లెక్కల్లో కూడా చెప్పినంతవరకూ చాకే. చెప్పనిది మాత్రం రాదు, అది ఆ పిల్ల తప్పు కాదు. స్కూలు తెరిచిన వారంలోనే నా దగ్గరకొచ్చి, "మేస్టారండీ, లెక్కలు గట్టెక్కితే నాకు ట్రిపుల్ ఐటీ సీటొచ్చేత్తదంట. రాపోతే అమ్మతో షెడ్డుకెళ్ళాలండి" అంది. సరూప త్రిభుజాల పాఠం చివర పైథాగరస్ సిద్ధాంతం ఉంటుంది. పెద్ద ప్రశ్నగా అడిగితే దాని నిరూపణే అడుగుతారు. అది వచ్చిందా, సీటు వచ్చినట్టే. నేను చెబుతానులే అమ్మా అని మాటిచ్చాను. ఒక్క పీరియడు పని. మొత్తం సంవత్సరం ఉంది చేతిలో. అలాగే అనుకున్నాను మరి.

అప్పుడు ఊడిపడ్డారు ఉత్సవ ప్రత్యేకాధికారి కరుణానిధానంగారు. జీపు దిగుతూనే మా స్కూలుని చూసి చేతులు జోడించారు. మేము బదులు దండం పెట్టాము. ఆయన దండం పెట్టింది మాకు కాదట, చరిత్రకట. స్టాఫు రూములో మమ్మల్నందర్నీ కూచోబెట్టి ఉపన్యాసం ఇచ్చారు. గతం మన పునాది, వర్తమానం మన వేదిక, భవిష్యత్తు మన బ్యానరు అన్నారు. ఇంతటి చరిత్ర గల పాఠశాలలో ఒక్కరోజు వార్షికోత్సవం చేసి చేతులు దులుపుకోవడం పూర్వీకులకు ద్రోహం అన్నారు. అందుచేత నూటపాతిక సంవత్సరాలకు నూటపాతిక కార్యక్రమాలు జరపవలెనని, ఒక్కొక్క కార్యక్రమంలో ఒక్కొక్క సంవత్సరపు ఘట్టాన్ని పిల్లలచేత పునఃప్రదర్శింపజేయవలెనని, వర్తమానం నుంచి వెనక్కి ప్రయాణిస్తూ చివరి రోజున స్థాపన సంవత్సరాన్ని చేరవలెనని పైనుంచి నిర్ణయం జరిగిందన్నారు. మా హెడ్మాస్టరు విశ్వపతిగారి కళ్ళు మెరిశాయి. ఆయన వచ్చే ఏడు రిటైరవుతారు. రిటైరయ్యేలోగా తన పేరు ఏదో ఒక రాతిమీద చూసుకోవాలని ఆయన కోరిక.

అందరూ చప్పట్లు కొట్టాక నేను నోరు ఊరుకోక లేచి, అన్నన్ని కార్యక్రమాలు చేస్తే పాఠాలు ఎప్పుడు చెప్పాలండీ అన్నాను. కరుణానిధానంగారికి కోపం రాలేదు. ఆయనది చిన్నపిల్లలకి నచ్చజెప్పే గొంతు.

"పాఠాలనేవి నిరంతర ప్రక్రియ మాస్టారూ. నిరంతర ప్రక్రియ ఆగినా ఆగినట్టు కాదు. కార్యక్రమం అలా కాదు, జరక్కపోతే జరగనట్టే."

నేను కూచున్నాను.

మొదటి చిక్కు చరిత్ర దగ్గర వచ్చింది. మా స్కూలుకి వయసు ఉంది గాని చరిత్ర లేదు. ఏటా పిల్లలు వచ్చారు, మేస్టార్లు చెప్పారు, కొందరు పాసయ్యారు, కొందరు తప్పారు, అందరూ వెళ్ళిపోయారు. దీన్ని వేదిక ఎక్కించడం ఎలా? అప్పుడు మా తెలుగు పండితులు సోమయాజులుగారు నడుం కట్టారు. ఆయన ఇరవయ్యేళ్ళుగా శతకం ఒకటి రాస్తున్నారు, అది సగంలో ఆగింది. చరిత్ర మాత్రం వారంలో పూర్తి చేశారు. తుఫాను వచ్చిన ఏడు, రాజావారు ఏనుగు మీద వచ్చిన ఏడు, ఇన్‌స్పెక్టరుగారు వచ్చి మెచ్చుకున్న ఏడు, రాకుండానే మెచ్చుకున్న ఏడు, ఇలా ఏటికొక ఘట్టం చొప్పున అల్లి పడేశారు. రాజావారు ఏనుగు మీద వచ్చినట్టు ఎవరు చెప్పారండీ అని అడిగాను. రాజావారన్నాక ఏనుగు లేకుండా ఎలా వస్తారయ్యా అన్నారు. రాజావారు ఆయాసంతో గుర్రబ్బండి కూడా ఎక్కలేకపోయేవారని మా తాతగారు చెబుతూండేవారు.

కార్యక్రమాలు మొదలయ్యాయి. తుఫాను కార్యక్రమానికి ఫైరింజను తెప్పించి గ్రౌండులో నీళ్ళు కొట్టించారు. పిల్లలు అరటిబోదెల మీద తేలుతూ చేతులూపారు. ముఖ్య అతిథి ఆలస్యం కావడంతో నీళ్ళు ఇంకిపోయాయి. మళ్ళీ కొట్టించారు. మరో అతిథి ఇంకా ఆలస్యంగా వచ్చారు. ఈసారి అరటిబోదెలు బురదలో కూరుకుపోయి కదలలేదు. బురద కూడా చరిత్రలో భాగమేనని కరుణానిధానంగారు సెలవిచ్చారు. ఆ సాయంత్రం నుంచి బి సెక్షనులో సగం మందికి జలుబు.

మా స్కూలుకి ఒక శాలువా ఉంది, ఎర్రంచు పచ్చ శాలువా. అతిథి ఎవరైనా అదే కప్పుతాం. సభ అయ్యాక అటెండరు గన్నియ్య అతిథిగారి వెనకాలే కారు దాకా వెళ్ళి, "కవరు మర్చిపోయేరండీ, ఇలాగివ్వండి, పెట్టి తెత్తాను" అని వినయంగా విప్పించి తెచ్చేస్తాడు. అతిథిగారు కవరు కోసం కాసేపు చూసి, ఇంకో సభకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోతారు. ఎన్ని సభలైనా శాలువా మాసింది గాని మాది కాకుండా పోలేదు. ఇదొక్కటే మా స్కూలు నిజంగా గర్వించదగ్గ సంప్రదాయం.

ఏనుగు కార్యక్రమంలో అసలు ఏనుగు దొరకలేదు. నలుగురు పిల్లల్ని బూడిదరంగు దుప్పటి కింద వంగోబెట్టి ఏనుగు చేశారు. గంగాభవాని ముందరి కుడికాలు. రిహార్సళ్ళు రోజుల తరబడి జరిగాయి, ఎందుకంటే వెనక కాళ్ళు ముందు కాళ్ళ మాట వినలేదు. ఒకరోజు నేను దుప్పటి దగ్గరకి వెళ్ళి వంగి, లంబకోణ త్రిభుజం గుర్తుందా అమ్మా అని అడిగాను. లోపల్నుంచి, "గుర్తుందండి, గాని ఇక్కడ చీకటండి, పటం కనపడదు" అని జవాబు వచ్చింది. డ్రిల్లు మేస్టారు వచ్చి, ఏనుగుతో మాట్లాడవద్దని నన్ను కోప్పడ్డాడు.

కలరా వచ్చి స్కూలు మూసేసిన ఏడు ఒకటి ఉంది. ఆ ఏటి వంతు వచ్చేసరికి నా ప్రాణం లేచొచ్చింది, ఆ రోజైనా సెలవిస్తారు, పిల్లల్ని మా ఇంటి అరుగు మీద కూచోబెట్టి చెప్పేస్తానని. ఆ ఆశా అడియాసే అయింది. సెలవుని పునఃప్రదర్శించాలంటే పిల్లలు స్కూలుకి రావాలి గదా! అది కూడా పనిదినాల్లో చేస్తే నిజం సెలవనుకునే ప్రమాదం ఉందని ఆదివారం పెట్టారు. పిల్లలందరూ ఆదివారం పొద్దున్నే వచ్చి, వరుసలో నిలబడి, గంట కొట్టగానే సెలవు వచ్చినట్టు సంతోషంగా గేటు దాకా పరుగెత్తి, మళ్ళీ వెనక్కి వచ్చారు. ఫోటో సరిగా రాలేదని మూడుసార్లు సెలవిచ్చారు. సాయంత్రానికి పిల్లలకి సెలవంటేనే అసహ్యం పుట్టింది.

ఏమీ జరగని సంవత్సరాలూ వచ్చాయి. అల్లీ అల్లీ సోమయాజులుగారి చెయ్యి పడిపోయింది. ఆ ఏడు నిశ్శబ్దంగా గడిచిందని రాసేశారు. కరుణానిధానంగారు సంతోషించి, నిశ్శబ్ద సంవత్సర స్మరణోత్సవం అని పేరు పెట్టి, బడి విడిచేదాకా పిల్లలందరూ మౌనంగా కూచోవాలన్నారు. ఇదే సందు అనుకుని నేను సుద్దముక్క తీశాను. నోటితో చెప్పకపోయినా బల్లమీద రాయొచ్చు గదా. రెండు గీతలు గీశానో లేదో హెడ్మాస్టరుగారు పరుగెత్తుకొచ్చి సైగ చేశారు. సుద్ద చప్పుడు చేస్తోందట.

ఫోటోల సంగతి చెప్పాలి. ప్రతి కార్యక్రమానికీ ఫోటో తీసి ఫోనులోంచి పైకి పంపాలి. ఒకరోజు పంపిన ఫోటో తిరిగొచ్చింది. కారణం, వెనక వరసలో ఒక పిల్ల ఒళ్ళో లెక్కల పుస్తకం కనపడుతోంది. పుస్తకం కనపడితే దానిని సాధారణ తరగతిగా పరిగణించి, కార్యక్రమాల లెక్కలోంచి తీసివేస్తారట. ఆ పిల్ల ఎవరో చెప్పక్కర్లేదు. ఆ మర్నాడే హెడ్మాస్టరుగారు పిల్లల పుస్తకాలన్నీ పోగుచేయించి సైన్సు ల్యాబులో పెట్టి తాళం వేయించారు. ఉత్సవాలు ముగిశాక భద్రంగా తిరిగి ఇస్తామని మైకులో చెప్పారు. పుస్తకాలు లేకుండా స్కూలేమిటని ఎవరూ అడగలేదు. వాటితో ఏం పని లేదని అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

నాకు కోపం వచ్చింది. ఉత్త కోపం కాదు, రాత్రిళ్ళు నిద్ర పట్టని కోపం. మా ఆవిడ, మీకొక్కరికే వచ్చిందా పట్టింపు, మిగతా మేస్టార్లంతా హాయిగా లేరా అంది. లేకేం, ఉన్నారు. సోషలు మేస్టారు మేకప్పు నేర్చుకున్నాడు, సైన్సు మేస్టారు మైకు సెట్టు బాగుచేయడంలో సిద్ధహస్తుడయ్యాడు. నాకే ఏ విద్యా అబ్బలేదు. పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదికి వచ్చేశాయి. గంగాభవాని నన్ను చూసినప్పుడల్లా ఏమీ అడగదు. అదే నాకు ఎక్కువ బాధ. అడిగితే విసుక్కోవచ్చు.

వెనక్కి ప్రయాణించి ప్రయాణించి కార్యక్రమాలు చివరికి స్థాపన సంవత్సరానికి చేరాయి. అది ముగింపు సభ. పెద్ద ముఖ్య అతిథి వస్తున్నారు. ఆ ఏడు ఏం జరిగిందో తేల్చడానికి కమిటీ కూచుంది. రాజావారి చేత శంకుస్థాపన చేయిద్దామా అంటే, ఆ వేషం ఏనుగు కార్యక్రమంలో అయిపోయింది. సోమయాజులుగారు తల గోక్కున్నారు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. లేచి, స్కూలు పెట్టిన ఏడు ఎవరో ఒకరు ఒక పాఠం చెప్పి ఉంటారు గదండీ అన్నాను. సోమయాజులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పాఠమా? స్కూల్లోనా?" అని, కాస్త ఆలోచించి, "అవునోయ్, చెప్పే ఉంటారు" అన్నారు.

కరుణానిధానంగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. 'తొలి పాఠం, ఒక చారిత్రక పునఃప్రదర్శన' అని అక్కడికక్కడే పేరు పెట్టారు. తలపాగా, నల్లకోటు, చేతిలో బెత్తం ఉండాలన్నారు. మేస్టారు వేషం ఎవరు వేస్తారని అడిగితే అందరూ వెనక్కి తగ్గారు. పాఠం చెప్పడం మరిచిపోయి చాలాకాలమైందని ఒకరు, స్టేజి మీద భయమని ఒకరు అన్నారు. నేను వేస్తానన్నాను. విద్యార్థుల వేషం బి సెక్షనుకి ఇప్పించండని బతిమాలుకున్నాను. వాళ్ళకి నటన రాదేమోనని హెడ్మాస్టరుగారు అనుమానపడ్డారు. పాఠం వినడానికి నటనెందుకండీ, నేను చూసుకుంటాను అన్నాను.

నాటకం రాసి ఆమోదానికి పంపమన్నారు. నేను రాయడానికేముంది, పైథాగరస్ సిద్ధాంతం నిరూపణ మొదటి నుంచి చివరిదాకా తెల్లకాగితం మీద రాసి ఇచ్చాను. కరుణానిధానంగారు చదివి కొన్ని సందేహాలు వెలిబుచ్చారు. సంభాషణలు తక్కువగా ఉన్నాయి, గీతలు ఎక్కువగా ఉన్నాయి అన్నారు. సిద్ధాంతకర్త పరాయి దేశంవాడు గదా అన్నారు. రాజావారి హయాంలో అతిథి ఎక్కడివాడైనా మనవాడేనని సోమయాజులుగారు సర్దిచెప్పారు. ఒక్క మాట దగ్గర మాత్రం కరుణానిధానంగారు పట్టుబట్టారు.

"'నిరూపించుము' అని ఉందేమిటి? ప్రభుత్వ వేదిక మీద నిరూపించమని అడగడం మర్యాద కాదు. ఏదో సందేహం ఉన్నట్టు ధ్వనిస్తుంది. 'ప్రకటించుము' అని మార్చండి."

మార్చాను. పేరు ఏదైతేనేం, త్రిభుజం త్రిభుజమే గదా.

ముగింపు రోజు వచ్చింది. గ్రౌండంతా షామియానా. పిల్లలు పొద్దుటి నుంచి ఎండలో వరసలు కట్టి కూచున్నారు. ముఖ్య అతిథి మధ్యాహ్నం దాటాక వచ్చారు. జ్యోతి వెలిగించారు, గాలికి ఆరిపోయింది, మళ్ళీ వెలిగించారు. స్వాగతోపన్యాసం అయింది. స్వాగతోపన్యాసం బాగుందని ఒకరు ఉపన్యసించారు. విశ్వపతిగారు నూటపాతిక కార్యక్రమాల పేర్లూ వరసగా చదివారు. పచ్చ శాలువా వచ్చింది, కప్పబడింది. నేను తలపాగాతో, కోటుతో తెర పక్కన చెమటలు కక్కుతూ నిలబడ్డాను. నా దగ్గర సుద్దముక్క ఒక్కటే నిజంది.

తెర లేచింది. బి సెక్షను పిల్లలు పంచెలు కట్టుకుని, టోపీలు పెట్టుకుని, ఆడపిల్లలు పరికిణీలతో నేల మీద కూచున్నారు. గంగాభవాని మొదటి వరసలో ఉంది. నేను బల్ల దగ్గరకి వెళ్ళి లంబకోణ త్రిభుజం గీశాను. A, B, C అని పేర్లు పెట్టాను. B దగ్గర లంబకోణం. B నుంచి కర్ణం మీదికి లంబం గీసి, అది తగిలిన చోట D అని పెట్టాను. నిజం చెబుతున్నాను, ఆ గీత గీశాక నాకు సభ కనపడలేదు, ముఖ్య అతిథి కనపడలేదు. ఏడాదిగా చెప్పలేకపోయిన పాఠం దానంతటదే బయటికి వస్తున్నట్టుగా ఉంది. చూడండర్రా, పెద్ద త్రిభుజం ఒకటి, దాని పొట్టలో చిన్న త్రిభుజాలు రెండు, మూడూ ఒకే పోలిక, తల్లీ ఇద్దరు పిల్లలూనూ అన్నాను. పిల్లలు నవ్వారు. నాటకంలో నవ్వు లేదు. గంగాభవాని నోరు తెరుచుకుని చూస్తోంది. దాని పెదాలు కదులుతున్నాయి, నాతోపాటే చెబుతోంది. ఎడంపక్క పిల్లని తల్లితో పోల్చాం, AD బై AB ఈజీక్వల్టు AB బై AC. అడ్డగుణకారం చెయ్యండి. ఏమొచ్చింది? అందరూ ఒక్కసారిగా చెప్పారు. AB స్క్వేర్ ఈజీక్వల్టు AD ఇంటూ AC. పావురాలు లేచిపోయేటట్టు చెప్పారు.

"శభాష్. సగం అయిపోయింది. ఇప్పుడు కుడిపక్క పిల్లని కూడా..." అంటూ బల్లవైపు తిరిగాను.

ముఖ్య అతిథి లేచారు. పక్క ఊళ్ళో ఇంకో సభ ఉందట. ఆయన లేవగానే వేదిక లేచింది, వేదిక లేవగానే సభ లేచింది, మైకులో జాతీయగీతం మొదలైంది. నేను సుద్దముక్క పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. బల్లమీద కుడిపక్క త్రిభుజం అలాగే ఉంది.

గీతం అయ్యాక ముఖ్య అతిథి నా భుజం తట్టారు. అచ్చం మేస్టారులాగే చేశావయ్యా, ఎక్కడ నేర్చుకున్నావు అన్నారు. నేను మేస్టారినేనండీ అన్నాను. ఆయన నవ్వి, చూశారా, ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు అని పక్కవాళ్ళకి చూపించారు. నన్ను ఉత్తమ నటుడిగా ప్రకటించారు. తన మీది పచ్చ శాలువా తీసి నాకు కప్పారు. గన్నియ్య నా వెనకాల నిలబడి, "ఆయ్, మీరైతే తర్వాత ఇద్దురుగాన్లెండి" అన్నాడు. అంతకన్నా గౌరవం ఆ శాలువాతో ఎవరికీ దక్కలేదు.

నేను కరుణానిధానంగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. పిల్లలు ఇంకా కూచునే ఉన్నారు, రెండు వరసలు, రెండే వరసలు రాసి చెప్పేస్తానన్నాను. ఆయన వాచీ చూసుకున్నారు.

"సభ ముగిసింది మాస్టారూ. ముగిసిన సభలో మాట్లాడితే అది అనుమతి లేని సభ అవుతుంది."

అదీ అక్కడితో పోలేదు, గోరుచుట్టు మీద రోకటిపోటు. తొలి పాఠం ప్రదర్శన అద్భుతంగా ఉందని, జిల్లాలోని పాత స్కూళ్ళన్నిటిలో ప్రదర్శించవలెనని మర్నాటికే ఉత్తర్వు వచ్చింది. కళాకారుడికి జీపు ఏర్పాటు చేశారు. కళాకారుణ్ణి నేనే. ప్రదర్శన ఎంతసేపంటే, మా స్కూల్లో ముఖ్య అతిథి కూచున్నంతసేపు. ఆమోదం పొందిన నిడివి అదే. సగం దాటకూడదు. లేదండీ, ఒక్కసారి మా క్లాసుకి వెళ్ళొస్తానని హెడ్మాస్టరుగారిని వేడుకున్నాను. ఆయన నా చేతులు పట్టుకుని, స్కూలు పేరు నిలబెడుతున్నావోయ్, పాఠాలదేముంది, ఎవరైనా చెబుతారు అన్నారు. ఎవరు? మేకప్పు వేసే సోషలు మేస్టారా?

జీపు గేటు దాటుతూండగా గంగాభవాని సైకిలు మీద వెనకాలే వచ్చింది. "మేస్టారండీ, రెండో పిల్ల సంగతేంటండీ?" అని అరిచింది. నేను తలపాగా పట్టుకుని బయటికి వంగి, "రెండోది కూడా అలాగే అమ్మా, అలాగే చేసి..." అన్నాను. డ్రైవరు గేరు మార్చాడు. దుమ్ములో ఆ పిల్ల ఆగిపోయింది. పుస్తకాలింకా ల్యాబులోనే ఉన్నాయి. తాళంచెవి ముగింపు సభ సంబరంలో ఎక్కడో పోయింది.

పరీక్షల్లో ఆ ప్రశ్నే వచ్చింది. నేను ఎక్కడో దూరంగా కోటు వేసుకుని AB స్క్వేర్ దగ్గర ఆగి చప్పట్లు కొట్టించుకుంటున్నాను.

పేపర్లు దిద్దడానికి వెళ్ళిన నా స్నేహితుడొకాయన తరవాత చెప్పాడు, వాళ్ళకి ఎవరిదో ఒక కట్ట వచ్చిందట. పేర్లుండవు గదా, ఏ స్కూలో తెలీదు. కట్టలో పిల్లలందరూ ఒక్కలాగే నిరూపణ రాశారట. ముత్యాల్లాంటి అక్షరాలు, చక్కటి పటం, అడ్డగుణకారం, AB స్క్వేర్ ఈజీక్వల్టు AD ఇంటూ AC. ఆ కింద, 'ఇంతలో ముఖ్య అతిథిగారు లేచారు. సభ ముగిసింది. జైహింద్.' ఒకడు వందన సమర్పణ కూడా రాశాడట. దిద్దేవాళ్ళు కాపీ కొట్టారేమోనని మొదట అనుమానపడి, కాపీ అయితే ఇలా ఉండదని సగం సగం మార్కులిచ్చి నవ్వుకున్నారట. చెబుతూ ఆయనా నవ్వాడు. ఒక్క పేపరు మాత్రం వేరుగా ఉంది, అందులో జైహింద్ లేదు, 'రెండోది కూడా అలాగే. మా మేస్టారు చెప్పారు' అని ఉంది అన్నాడు. అది చెప్పినప్పుడు ఆయనకి నవ్వు వచ్చింది గాని నాకు రాలేదు. దానికి కూడా సగం మార్కులే. 'అలాగే' అంటే చెల్లదు గదా.

గంగాభవాని పాసయింది. సీటుకి మాత్రం ఆ మిగిలిన సగమే తక్కువైంది. మా స్కూలు ఉత్సవాల నిర్వహణలో రాష్ట్రంలోనే ఆదర్శమని పేరు తెచ్చుకుంది. విశ్వపతిగారి పేరుతో వరండాలో కొత్త ఫలకం వెలిసింది. చోటు లేక కుళాయి ఫలకం తీసి అక్కడ పెట్టారు. పదో తరగతి ఫలితాలు అడుగంటాయి గనక కరుణానిధానంగారు ఆందోళన వ్యక్తం చేసి, ఫలితాల పెంపు వారోత్సవాలకు రూపకల్పన చేస్తున్నారు.

నేను రొయ్యల షెడ్డుకి వెళ్ళాను. చలికి చేతులు కొంకర్లు పోయే చోటది. ఆడవాళ్ళు వరసగా నిలబడి రొయ్యల తలలు తుంచుతున్నారు. గంగాభవాని తల్లి పక్కన నిలబడి ఉంది, చేతికి రబ్బరు తొడుగులు, నెత్తికి ప్లాస్టిక్ టోపీ. నన్ను చూసి బయటికొచ్చింది. మిగతా సగం చెబుదామని వచ్చానమ్మా అన్నాను.

"ఇప్పుడెందుకండి మేస్టారూ, సబైపోయింది కదండి" అంది. ఎగతాళికి అనలేదు. మామూలుగానే అంది.

అయినా నేను జేబులోంచి సుద్దముక్క తీసి షెడ్డు గోడ మీద త్రిభుజం గీశాను. సూపర్వైజరు కుర్రాడు పరుగెత్తుకొచ్చి, ఏంటండీ ప్రోగ్రాం, ఫోటో తియ్యమంటారా అని అడిగాడు. ఇది ప్రోగ్రాం కాదు నాయనా, పాఠం అన్నాను. వాడు ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కుడిపక్క పిల్లని తల్లితో పోల్చాను. BC స్క్వేర్ ఈజీక్వల్టు CD ఇంటూ AC అని ఒక వరస రాశాను. రెండూ కలుపు అన్నాను. ఆ పిల్ల తడి తొడుగు విప్పి, నా చేతిలో సుద్ద తీసుకుని, ఆగకుండా ఆ కింద వరస తనే రాసేసింది. AB స్క్వేర్ ప్లస్ BC స్క్వేర్ ఈజీక్వల్టు AC స్క్వేర్. రాసి, ఆ రెండు వరసల వంకా కాసేపు చూసింది.

"ఇంతేనా మేస్టారూ మిగిలింది?" అంది.

ఇంతే అన్నాను.

లోపల వాళ్ళమ్మ పిలిచింది. సుద్దముక్క నా చేతిలో పెట్టి, తొడుగు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.